పచ్చ వేసుకోనివాళ్ళని గిల్లుతారట

మార్చి 2, ఆదివారం

తలుపు తగిలింది. వంటింట్లో పై అలమర తలుపు. ఎడమచెయ్యి, మోచేతికి పైన. నేను వంట చేసే ఇంటి కేట్ మేడమ్‌కి అదే చెప్పాను, పక్కగది తిరుపాలమ్మకీ అదే చెప్పాను, ఇక్కడా అదే రాస్తున్నాను. అన్నిచోట్లా ఒకటే మాట ఉంటే ఎక్కడా తడబడక్కర్లేదు.

కువైట్‌లో రంజాన్ మొదలైంది. ఖైతాన్‌లో మా గది నుంచి ఫింటాస్‌లో మేడమ్ ఇంటికి వెళ్ళేసరికి బస్సులో నా ప్రాణం సగం పోతోంది. మేడమ్ అత్తగారు బోస్టన్ నుంచి దిగింది. పేరు నోరా. ఎనభై దాటిన మనిషి. నడుం వంగలేదు, నోరు అసలే వంగలేదు. వస్తూనే వంటింట్లోకొచ్చి, నా పప్పుచారు గిన్నె మూత తీసి వాసన చూసి, "హమ్మయ్య, ఈ ఇంట్లో వంట జరుగుతోందన్నమాట" అంది. ఆ తర్వాత, "పదిహేడో తారీకు మా పండగ. నువ్వు ఆకుపచ్చ బట్టలు వేసుకోవాలి. లేకపోతే ఇలా గిల్లుతాను" అని చెయ్యి చాపింది. నేను గబుక్కున వెనక్కి జరిగాను. ఆమె నా మొహం చూసింది. నేను ఉల్లిపాయలు తరగడంలో పడ్డాను.

మార్చి 4

ముసలావిడ ఇవాళంతా వంటింట్లోనే. ఆ పండగ పేరు సెయింట్ పాట్రిక్ పండగ. వీళ్ళ పూర్వీకులది ఐర్లండు. అక్కడ అది ఒట్టి చర్చి పండగేనట, ఒకప్పుడు ఆరోజు సారా కొట్లు కూడా మూసేసేవాళ్ళట. ఊరేగింపులూ, పచ్చ బట్టలూ, ఏకంగా నదిలో పచ్చరంగు కలపడాలూ అమెరికా వెళ్ళాక మొదలెట్టినవట. ఉన్న ఊళ్ళో ఎవరికీ అంతగా పట్టనిది, ఊరు దాటాక ప్రాణమైపోయింది. ఇందులో నాకేమీ వింత కనపడలేదు. వినాయకచవితికి ఖైతాన్ గదుల్లో మావాళ్ళు పక్క పోర్షనుకు వినపడకుండా చేసే హడావుడి, మా ఊరు రాజోలులో ఉన్నప్పుడు చేశారా?

గిల్లుడు సంగతి అడిగాను. వాళ్ళకి మరుగుజ్జు దయ్యాలున్నాయట. పచ్చ వేసుకున్నవాళ్ళు వాటికి కనపడరు. వేసుకోనివాళ్ళని అవి గిల్లుతాయి. ఆ సంగతి గుర్తు చెయ్యడానికి మనుషులే ముందుగా గిల్లుతారు. ఇంకో రూలు కూడా ఉందట. పచ్చ వేసుకున్నవాళ్ళని పొరపాటున గిల్లితే, వాళ్ళు తిరిగి పది గిల్లొచ్చు.

ఆమె కొత్తకాపురం ఇక్కడే, అహ్మదీలోనట. భర్తకి చమురు కంపెనీలో పని. పండగ సాయంత్రం క్వార్టర్స్ వీధుల్లో గరిటెలూ మూకుళ్ళూ వాయించుకుంటూ తిరిగేవాళ్ళట. ఈ దేశంలో మందు లేదు కాబట్టి నిమ్మరసంలో పచ్చరంగు కలుపుకునేవాళ్ళట. "కొందరు ఇంట్లో కాచుకునేవాళ్ళు. మా ఆయన కాచేవాడు" అంది. అక్కడ ఆగి, బ్రెడ్డు పిండి ఎక్కడుందని అడిగింది.

మార్చి 5

సూర్యకిరణ్ మంచివాడు.

మార్చి 6

అమ్మ పోయినప్పుడు వాడు నా చంకలో ఉన్నాడు. నేనే నీళ్ళు పోశాను, నేనే అన్నం పెట్టాను, బడిలో నేనే వేశాను. మా ఆయన పోయి నేను ఇక్కడికొచ్చాక, వాడికి షువైఖ్ గ్యారేజీలో పని చూసి రప్పించిందీ నేనే. పెంచిన చేతికి ఆమాత్రం తెలియదా, వాడి మనసు వెన్న. పోయిన నెల గ్యారేజీలో తోటి మెకానిక్ తలమీద కొట్టి పని పోగొట్టుకున్నాడు. ఆ బాధ ఎవరిమీద చూపిస్తాడు? అక్కని కాబట్టి నామీద చూపించాడు.

ఈ రాసింది చదివితే నాకే ఒళ్ళు మండుతోంది. అయినా కొట్టెయ్యను.

మార్చి 9

ఇవాళ తలుపు బెల్టుతో తగిలింది.

ఇఫ్తార్ ముందు రోడ్లన్నీ కార్లే. బస్సు రాలేదు. మేడమ్ డ్రైవర్ జమీర్ ఇటే వస్తుంటే ఎక్కించుకున్నాడు. రాయచోటి పిల్లాడు, పెళ్ళాం పిల్లలు ఊళ్ళో. సిగ్నల్ దగ్గర ఉండగా మసీదునుంచి బాంగు వినపడింది. ఖర్జూరం ఒకటి తను నోట్లో వేసుకుని ఒకటి నాకిచ్చి, "తిను అక్కా, నువ్వు పొద్దున్నుంచి ఏం తిన్యావో ఏమో" అన్నాడు. ఖైతాన్‌లో మా వీధి బకాలా కొట్టు ముందు దింపాడు. సూర్యకిరణ్ అక్కడే సిగరెట్ తాగుతున్నాడు. నా చేతిలో ఖర్జూరం గింజ ఇంకా ఉంది.

గదిలోకి రాగానే తలుపు గడియ వేశాడు.

"ఏంటక్కా, ఆడు నీకు ఖర్జూరాలు తినిపిత్తన్నాడా?"

"చేతికిచ్చాడురా. ఉపవాసం విడిచే వేళ ఎవరున్నా ఇస్తారు."

"ఆడి చెయ్యి నీ చేతికెందుకు తగలాలి? బస్సుల్లేవా? నలుగురూ ఏమనుకుంటన్నారో తెలుస్తందా నీకు?"

"నలుగురికీ వేరే పనుల్లేవా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోటిదురుసు నాకు మొదటినుంచీ ఉంది. బెల్టు బకిలు వైపు వచ్చింది. మొదటిది వీపుమీద, మిగతావన్నీ మొహానికి అడ్డం పెట్టుకున్న ఎడమచేతి మీద. అరవలేదు. దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. వాడికి ఆయాసం వచ్చేదాకా కొట్టాడు. తర్వాత నేల మీద కూచుని ఏడ్చాడు. నేనే లేచి మంచినీళ్ళిచ్చాను.

మార్చి 10

తిరుపాలమ్మ తలుపు కొట్టి లోపలికొచ్చింది. కడప మనిషి, పక్కగదిలో ఉంటుంది, ఒక కువైతీ ఇంట్లో పని. మా గదికీ వాళ్ళ గదికీ మధ్య గోడ అంటే ఒట్టి చెక్క.

"ఏందే చంద్రావతీ, గోడకు ఇవతల పండుకోని ఇంటా ఉండాల్నా నేను? వాడు నీకు తమ్ముడా, యముడా?"

"మెల్లగా మాట్లాడు."

"నేను మెల్లగా మాట్లాడల్ల, వాడు మాత్రం మెల్లగా కొడతాండాడా? పోలీసుకు చెప్పు. లేకుంటే నీ మేడమ్‌కన్నా చెప్పు. నేనైతే మా మామాకు, ఆ ఇంటామెకు, ఎప్పుడో చెప్పిందును."

చెబితే వాడి వేలిముద్రలు వేయించుకుని విమానం ఎక్కించేస్తారు. మళ్ళీ జన్మలో ఈ దేశం అడుగుపెట్టనివ్వరు. ఊళ్ళో వాడికి ఎవరూ లేరు, ఇక్కడ నాకు ఎవరూ లేరు. అదే చెప్పాను. "వాడు ఆపక్క పోతాడో లేదో గానీ, ఇట్లే ఉంటే ఈపక్క నీ శవం పోతాది" అంది. నూనె కాచి తెచ్చి చేతికి రాసింది. రాస్తున్నంతసేపూ తిట్టింది. ఆ తిట్లకే కొంచెం నొప్పి తగ్గింది.

మార్చి 11

పొడుగుచేతులు వేసుకుని వెళ్ళాను. చలి లేదు కదా అంది ముసలావిడ. అలమర తలుపు సంగతి మళ్ళీ చెప్పాను. "చెడ్డ తలుపే" అంది.

పండగకని మాంసం ఉప్పునీళ్ళలో ఊరేసింది. నేను ముట్టను, వండను అని వచ్చిన రోజే చెప్పేశాను, ఆ పని ఆమే చూసుకుంటోంది. పాత దేశంలో పంది మాంసం వండుకునేవాళ్ళట. అమెరికా వెళ్ళాక ఎద్దు మాంసం చవకగా దొరికిందట. ఇక్కడ పంది సంగతి ఎత్తలేం కాబట్టి ఎద్దే. నా పని క్యాబేజీ తరగడం. ఆ జాడీ చూస్తే మాత్రం మా మాగాయ జాడీ గుర్తొచ్చింది. రోజూ మూత తీసి కలపడం కూడా అలాగే.

మార్చి 13

బట్టలు కొన్నాను. పచ్చ చుడీదార్, మణికట్టు దాకా చేతులున్నది. దానికి తగ్గట్టు పచ్చ గాజులు. మా ఆయన పోయాక పచ్చరంగు జోలికి పోలేదు. కొట్టువాడు గాజులు తొడగబోతే నేనే తొడుక్కుంటాలే అని తెచ్చేసుకున్నాను.

ఇది సరదాకి కొనలేదు. పదిహేడున ఇంటినిండా జనం. ఆ ముసలావిడ గిల్లకుండా ఉండేరకం కాదు. ఈ ఎడమచెయ్యి మీద గిల్లితే నేను ఆపుకోలేను. ఆపుకోలేకపోతే చెయ్యి చూస్తారు, చూస్తే అడుగుతారు, అడిగితే మేడమ్ ఊరుకోదు, వాడు పోతాడు. పచ్చ వేసుకుంటే గిల్లరు. అంతే.

మార్చి 14

సూర్యకిరణ్ ఇవాళ నవ్వాడు. రొయ్యల ఇగురు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. "నీ చేతి వంట తిని ఎన్నాళ్ళయిందక్కా" అన్నాడు, రోజూ తినేవాడే. నవ్వితే అచ్చం అమ్మ. ఇంక అంతా సర్దుకుంటుంది.

మార్చి 16

సర్దుకోలేదు.

మంచం కింద సంచి తీసి చూశాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. బట్టలు నా ముందు దులిపి, గాజుల పెట్టె నేలమీద పెట్టి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడు?"

"ఏంటి ఎప్పుడు?"

"నిఖా. రంజాన్ నెల. మొగుడు పోయినదానివి. పచ్చ బట్టలు, పచ్చ గాజులు. ఆడి బండిలో రావడం, ఆడి చేతి ఖర్జూరం తినడం. ఆళ్ళల్లో కలిసిపోతన్నావా? నాకు చెప్పకుండానే?"

నాకు నవ్వొచ్చింది. అదే నా కొంప ముంచింది. వాడి లెక్క నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. మా ఊరినుంచి వచ్చిన ఎవడైనా అదే లెక్క వేస్తాడు. పచ్చ అంటే మాకు పెళ్ళికూతురి గాజులు, లేదా దర్గా జెండా. మూడోది మాకు తెలియదు.

"ఒరేయ్, ఇది అమెరికావాళ్ళ పండగరా. పచ్చ వేసుకోకపోతే గిల్లుతారు. గిల్లకుండా ఉండటానికి కొన్నాను" అన్నాను.

అక్షరం పొల్లుపోకుండా నిజం. నిజం అంత పిచ్చిగా వినిపిస్తుందని నాకు తెలియదు. వాడికది తనని వెర్రివాణ్ణి చేసే మాటగా వినపడింది. చుడీదార్ తీసుకెళ్ళి వెలుగుతున్న పొయ్యిమీద పెట్టాడు. నేను లాగబోతే, నా ఎడమచెయ్యి పట్టుకుని గాజులు ఒక్కొక్కటీ తొడిగాడు. "తొడుక్కో, పెళ్ళికూతురివి కదా" అంటూ తొడిగాడు. ఆ తర్వాత మణికట్టు సింకు అంచుకేసి కొట్టాడు. గాజులన్నీ పగిలేదాకా కొట్టాడు. చివర్లో గాజులు లేవు, ఎముకే తగులుతోంది, అయినా కొట్టాడు. జుట్టు పట్టుకుని నా మొహాన్ని పొయ్యి దగ్గరకు వంచాడు. కనుబొమ్మలు కాలిన వాసన నాకే వచ్చింది.

తిరుపాలమ్మ అవతలనుంచి గోడమీద రోకలితో బాదింది. "ఒరే సూరిగా, నేను ఇప్పుడే పోలీసుకు ఫోన్ చేస్తాండా" అని అరిచింది. వాడు వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

గాజుముక్కలు ఏరుకున్నాను. చర్మంలో దిగినవి సూదితో తీశాను. రేపు ఏం వేసుకోవాలో తెలియడం లేదు. నాకున్నవన్నీ గోధుమరంగువే.

మార్చి 17, సోమవారం

ఫింటాస్ ఇంట్లో స్టోర్‌రూమ్‌లో కూచుని రాస్తున్నాను. ఇంటికి వెళ్ళలేదు.

మధ్యాహ్నం గోధుమరంగు చుడీదార్‌లో వచ్చాను. జమీర్ నా కాలిన కనుబొమ్మలు చూశాడు. డిక్కీ తీసి, "అక్కా, ఇవాళ పచ్చ ఉండల్లంట గదా. బండి తుడిచే గుడ్డ పచ్చదే, ఉతికిందే. మెడకు చుట్టుకో" అన్నాడు. వద్దన్నాను. జమీర్ గుడ్డ మెడలో వేసుకుంటే మా వాడన్నది నేనే నిజం చేసినట్టవుతుంది. ఇంత దెబ్బ తిన్నాక కూడా వాడి మాట పొల్లుపోకూడదని చూస్తున్నానా, వాడి మాట తప్పని నిరూపించాలని చూస్తున్నానా, నాకే తెలియదు.

ఇఫ్తార్ అయ్యాక జనం వచ్చారు. రంజాన్ నెల కదా, వీధికి కనపడకుండా కిటికీ తెరలన్నీ దించేశారు. పచ్చ జెల్లీ, పచ్చ నిమ్మరసం, ఒకాయన గడ్డానికి కూడా పచ్చరంగు. ముసలావిడ ఆకుపచ్చ గౌనులో పెళ్ళిపెద్దలా తిరుగుతూ, పచ్చ లేనివాణ్ణల్లా గిల్లుతోంది. గిల్లించుకున్నవాడు కేకపెట్టడం, అందరూ నవ్వడం. నేను గోడ పక్కనుంచి, మనుషుల వెనకనుంచి తిరిగాను. బ్రెడ్డు పళ్ళెం రెండు చేతులా పట్టుకుని హాల్లోకి రాగానే వెనకనుంచి గిల్లింది. సరిగ్గా ఎడమచెయ్యి, మోచేతికి పైన.

నేను పెట్టిన కేక అలాంటిలాంటి కేక కాదు. తొమ్మిదో తారీకునుంచి దుప్పట్లో కుక్కినవన్నీ కలిపి వచ్చాయి. పళ్ళెం పడిపోయింది. జనం అలవాటుగా నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. మేడమ్ పరుగెత్తుకొచ్చింది. ముసలావిడ ఆమెను చేత్తోనే ఆపి, నన్ను ఈ స్టోర్‌రూమ్‌లోకి తీసుకొచ్చి తలుపు వేసింది.

నా చుడీదార్ చెయ్యి తనే పైకి మడిచింది. నిన్నటివి నల్లగా ఉన్నాయి. వాటి వెనక బెల్టు వాతలు ముదిరి, భుజం దాకా పచ్చగా తేలాయి. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"నువ్వు పచ్చ వేసుకునే వచ్చావు. నేనే చూసుకోలేదు. తప్పు నాది."

"తలుపు తగిలిందండి."

"అహ్మదీలో మా ఇంట్లోనూ ఒక తలుపు ఉండేది. పండగ బట్టలు ఏటా పొడుగుచేతులతో కుట్టించుకునేదాన్ని. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను ఆ తలుపుతో." తన గౌను చేతిని పైకి మడిచి చెయ్యి నా ముందు పెట్టింది. "రూలు రూలే. పది. తీసుకో."

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె చెయ్యి తియ్యలేదు. చంటిపిల్లని గిల్లినట్టు ఒకటి గిల్లాను. "ఒకటి" అంది. రెండోదీ అంతే. మూడోదానికి నా వేళ్ళలోకి ఏదో వచ్చింది. నాలుగు, ఐదు. ఎనభై ఏళ్ళ చర్మం కాగితంలా ముడతపడింది. ఆరోదానికి ఆమె పళ్ళు బిగించింది. నేను ఆగలేదు. గోళ్ళు దింపాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు. అప్పుడు హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే, వాడికి కూడా ఇలాగే ఉంటుంది కాబోలు అనిపించి భయమేసింది. తొమ్మిదోదానికి రక్తం వచ్చింది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పదోది నాకు రావలసింది కాదు. ఎవరికి రావాలి?"

"మా తమ్ముడికి" అన్నాను.

ఇన్నాళ్ళలో ఆ మాట పైకి అనడం ఇదే మొదలు. తర్వాత ఏడ్చాను. ఆమె రక్తం తుడుచుకుని, ఇద్దరికీ పచ్చ నిమ్మరసం తెచ్చింది. తియ్యగా, అసహ్యంగా ఉంది. తాగాను.

పోలీసుకి చెబుతానంది మేడమ్. వద్దని కాళ్ళు పట్టుకున్నాను. చెప్పడమా మానడమా నువ్వే తేల్చుకో, ఇల్లు మాత్రం కదలకు అంది.

మార్చి 18

వాడికి అన్నం ఎవరు పెట్టారో.

మార్చి 19

మధ్యాహ్నం వచ్చాడు. గేటు దగ్గర కారు కడుగుతున్న జమీర్‌ని, "మా అక్కని ఎక్కడ దాచావురా" అంటూ చక్రాల బోల్టులు తిప్పే పానా తీసుకుని దవడమీద కొట్టాడు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. జమీర్ నీళ్ళ పైపుతో సహా పడిపోయాడు. పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టాడు, భుజం మీద, మోకాలి మీద. నేను పరుగెత్తాను. జమీర్ పాపం చెయ్యి ఎత్తలేదు, రక్తం మింగితే రోజా ఉపవాసం పోతుందని ఉమ్ముతూనే ఉన్నాడు. నోట్లోంచి పన్ను కూడా వచ్చింది.

నన్ను చూడగానే సూర్యకిరణ్ పానా కింద పడేశాడు. గొంతు మారిపోయింది.

"పదక్కా ఇంటికి. నిన్నేం అనను. ఒట్టు. రెండ్రోజుల్నించి ఏం తినలేదు."

చెంప లోపలికి పీక్కుపోయి ఉంది. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, నా కాళ్ళు గేటు వైపు నడిచాయి. వాడు నా ఎడమచెయ్యి పట్టుకున్నాడు, ఆ పచ్చమీదే. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. వాడికి నొప్పి సంగతి గుర్తే లేదు. వెనక గుమ్మంలో ముసలావిడ చేతికి కట్టుతో నిలబడి ఉంది. నేను ఆగిపోయాను. వాడు లాగాడు. నేను కదల్లేదు. వాడు రెండోచెయ్యి ఎత్తాడు, వీధి వీధంతా చూస్తుండగా నా చెవిమీద కొట్టాడు. ఆ చెవిలో ఇప్పటికీ హోరుగానే ఉంది.

కాపలావాడు అప్పటికే ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి వాణ్ణి కారులో పడేశారు. తలుపు వేస్తుంటే అరిచాడు.

"అక్కా! తలుపు తగిలిందని చెప్పు! అందరికీ చెప్పినట్టే చెప్పు!"

నేను ఎవరికి ఏం చెబుతున్నానో వాడికి మొదటినుంచీ తెలుసు. తెలిసి, దాని మీద ధీమాగా ఉన్నాడు. నాకు మండింది. బెల్టు దెబ్బలకి కూడా ఇంత మండలేదు.

మార్చి 20

పోలీస్ స్టేషన్. జమీర్ దవడకి కట్టు, మాట రావడం లేదు. తన దెబ్బల సంగతి చేత్తో రాసిచ్చాడు. నావి నేను చెబితేనే కేసు, లేకపోతే లేదు. మొహమాటం లేకుండా చెప్పమన్నాడు ఆఫీసరు. పక్కన ఒకాయన ఆయన అరబ్బీని హిందీలో చెబుతున్నాడు.

చెయ్యి చూపించమన్నారు. చూపించాను. ఏం తగిలిందన్నారు.

అన్నిచోట్లా ఒకటే మాట ఉంటే తడబడక్కర్లేదని ఈ పుస్తకం మొదట్లో నేనే రాశాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, బతిమాలితే జమీర్ కూడా తన కాగితం వెనక్కి తీసుకుంటాడు, సాయంత్రానికి వాడు గదిలో ఉంటాడు, రొయ్యల ఇగురు అడుగుతాడు. చెప్పకపోతే వాణ్ణి మళ్ళీ చూడటానికి నాకు ఇంకో దేశం కావాలి. ముసలావిడ బెంచీ మీద కూచుని ఉంది. నావైపు చూడటం లేదు, తన చేతికట్టు సర్దుకుంటోంది.

"తగల్లేదు, కొట్టారు" అన్నాను.

"ఎవరు?"

"మా తమ్ముడు."

"పూర్తి పేరు?"

ఆఫీసరు మంచినీళ్ళు తెప్పించాడు. తాగి, "పెనుమత్స సూర్యకిరణ్" అన్నాను.

బడిలో వేసినరోజు మాస్టారు అడిగితే, వాణ్ణి చంకన పెట్టుకుని, ఇలాగే ఆ పేరు చెప్పాను.